మార్పు ముందు తెలిసేది ఇంటికే

కోపం పెరిగినా, నిద్ర తగ్గినా, మాట తీరు మారినా 'మనిషి చెడిపోయాడు' అనేస్తుంది లోకం. అలా అనే ముందు మెదడు సంగతి ఒకసారి చూడాలి. ఆ మాట చెప్పడానికి గరివిడి నల్లరాయి కంటే మంచి సాక్ష్యం దొరకదు.

విజయనగరం దాటి చీపురుపల్లి వైపు వెళ్తుంటే దారిలో తగులుతుంది గరివిడి. చూడ్డానికి చిన్న స్టేషన్. కానీ ఈ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు వందేళ్ల కిందటే భూగర్భశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కాయి. కారణం మాంగనీసు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1892లో, ఈ ప్రాంతంలోని కోడూరు దగ్గర. ఇక్కడ దొరికిన ఒక రకం రాతికి ఆ ఊరి పేరు మీదనే 'కోడురైట్' అని పేరు పెట్టారు. గర్భాం గనులదీ పాత చరిత్రే. తర్వాత గరివిడి శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చింది. ఉక్కుకు గట్టిదనం రావాలంటే మాంగనీసు ఉండాల్సిందే. అందుకే గనిలో తట్ట మోసినవాళ్లూ, కొలిమి దగ్గర షిఫ్టు చేసినవాళ్లూ ఈ ప్రాంతంలో తరాలుగా ఉన్నారు.

ఉక్కుకే కాదు, మనిషికీ ఈ లోహం కావాలి. ఒంట్లో ఉండేది మొత్తం కలిపి 10 నుంచి 20 మిల్లీగ్రాములే. చోళ్ల అంబలిలో, ఆకుకూరల్లో, గింజల్లో, పొద్దున్నే తాగే టీలో అది కొంచెం కొంచెంగా దొరుకుతుంది. తిండి ద్వారా ఎక్కువైనా కాలేయం బయటికి నెట్టేస్తుంది. చిక్కల్లా ఊపిరితోనే. ఖనిజం పొడి, కొలిమి పొగ, వెల్డింగు పొగ ఏళ్ల తరబడి పీలిస్తే మాంగనీసు ఆ కాపలా దాటుకుని నెత్తురులో కలిసి, మెదడు లోపలి పొరల్లో పేరుకుపోతుంది. కాళ్లూ చేతులూ సాఫీగా కదిలేలా చూసే భాగాలే దానికి ముందు బలవుతాయి.

ఈ జబ్బును మొదటిసారి రాతలో పెట్టినవాడు కూపర్ అనే వైద్యుడు. 1837లో స్కాట్లాండులోని గ్లాస్గోలో, బ్లీచింగు పొడి తయారు చేసే కర్మాగారంలో మాంగనీసు రాయి నూరే కూలీలను చూసి ఆయన రాశాడు. నడక తడబడుతోంది, మాట స్పష్టత తప్పుతోంది, ముఖంలో కవళికలు పోతున్నాయి. ఆ తర్వాత చాలా దేశాల గనుల్లో ఇదే కనిపించింది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు గని కార్మికులైతే దీనికి ఓ పేరే పెట్టుకున్నారు. ఆ పేరుకు అర్థం 'మాంగనీసు పిచ్చి'.

పిచ్చి అని ఎందుకన్నారు? నడక దెబ్బతినక ముందే మనిషి తీరు మారుతుంది కాబట్టి.

ముందు మనసు... తర్వాత నడక

మాంగనీసు జబ్బు తొలి దశలో డాక్టరు పరీక్షకు దొరికేవి తక్కువ, ఇంట్లో కనిపించేవి ఎక్కువ. ఊరికే చిరాకు. అయినదానికీ కానిదానికీ కేకలు. నవ్వాల్సిన చోట ఏడుపు, ఏడవాల్సిన చోట నవ్వు. రాత్రి నిద్ర ఉండదు, పగలు మత్తుగా ఉంటుంది. నిన్నటిదాకా ఇష్టంగా చేసిన పని మీద మనసు పోదు. కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఇవన్నీ నెలల తరబడి సాగిన తర్వాత మాట సన్నగిల్లుతుంది, చేతిరాత చిన్నదైపోతుంది, ముఖం బొమ్మలా బిగుసుకుంటుంది. మడమలు ఆనకుండా, మోచేతులు మడిచి, కోడిపుంజులా మునివేళ్ల మీద నడుస్తారు. వెనక్కి నడవమంటే పడిపోతారు.

మొదటి దశలోనే కనిపెట్టి, ఆ పొగకూ పొడికీ దూరం చేస్తే మేలు జరిగే అవకాశం ఎక్కువ. నడక దాకా వస్తే, పొగకు దూరం చేసినా జబ్బు అక్కడితో ఆగకపోవచ్చు. పార్కిన్సన్స్‌కు పనిచేసే మందు దీనికి అంతగా పనిచేయదు. అంటే విలువైన కాలమంతా ఇంటి నాలుగు గోడల మధ్యే గడిచిపోతుంది. ఆ కాలంలో ఇంట్లో వినిపించే మాటలు ఎలా ఉంటాయి?

"ఏటైపోనాడో ఈమద్దిన, ముట్టుకుంటే మండిపోతన్నాడు."

"తాగీసొచ్చి నాటకాలు ఆడతన్నాడు."

"ఎవులో సిల్లంగి పెట్టీసినారు."

ఇందులో ఏ మాటా చెడ్డ మనసుతో అన్నది కాదు. కళ్లముందు మనిషి మారిపోతుంటే, తెలిసిన కారణాల్లోంచే ఒకటి వెతుక్కుంటారు ఎవరైనా. గుణం, తాగుడు, గాలి... ఈ మూడింటి తర్వాత నాలుగోది మెదడు అని మాత్రం తట్టదు. గుండె నొప్పికి ఆసుపత్రి గుర్తొస్తుంది. కాలు విరిగితే కట్టు గుర్తొస్తుంది. మెదడుకు దెబ్బ తగిలితే అది నొప్పిగా బయటపడడం తక్కువ, ప్రవర్తనగా బయటపడడం ఎక్కువ. ప్రవర్తనకు మనం వేసేది మందు కాదు, నింద.

కోపిష్టి అయిన ప్రతి కార్మికుడికీ మాంగనీసు పట్టిందని దీని అర్థం కాదు. కోపానికి అప్పులుంటాయి, నిద్రలేమి ఉంటుంది, కుంగుబాటు ఉంటుంది. తేల్చాల్సింది వైద్యుడే. అయితే ఖనిజం పొడిలోనో, కొలిమి దగ్గరో, వెల్డింగు షాపులోనో పనిచేసిన మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు 'ఈయన చేసిన పని ఇది, ఇన్నేళ్లు చేశాడు' అని చెప్పడం మరిచిపోకూడదు. ఆ ఒక్క ముక్క చెప్పకపోతే డాక్టరు ఆలోచన అటువైపు పోకపోవచ్చు. పనిలో పొడి రేగకుండా నీళ్లు చల్లడం, పొగ బయటికి పోయే ఏర్పాటు, సరైన మాస్కు యాజమాన్యం చూడాల్సినవి. స్నానం చేసి బట్టలు మార్చుకుని ఇంట్లోకి రావడం, ఆ బట్టలు విడిగా ఉతకడం ఇల్లు చూసుకోవాల్సినవి. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు మాంగనీసును ఎక్కువగా పీల్చుకుంటాయి. కాలేయం చెడితే అది బయటికి పోయే దారి మూసుకుపోతుంది. రక్తహీనతకు వైద్యం చేయించాలనడానికీ, తాగుడు మానాలనడానికీ ఇది ఇంకో కారణం.

బాలింత, ముసలమ్మ, వలస వెళ్లిన కొడుకు

గని ముఖం చూడని ఇళ్లలోనూ ఇదే కథ వేరే రూపాల్లో నడుస్తుంటుంది.

పురుడు పోసుకున్న అమ్మాయి సంగతి చూడండి. కాన్పయిన మూడో రోజో, ఐదో రోజో కారణం లేకుండా కళ్లనీళ్లు రావడం చాలామంది తల్లులకు మామూలే. రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. సర్దుకోకుండా బిడ్డను చూసినా సంతోషం కలగకపోతే, 'నేను పనికిరాను' అంటుంటే అది కుంగుబాటు, వైద్యం కావాలి. మూడోది అన్నిటికంటే ప్రమాదం. కాన్పయిన తొలి రెండు వారాల్లోనే నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేని మాటలు మొదలై, బిడ్డ గురించి వింత అనుమానాలు వస్తాయి. పెద్దవాళ్లు 'బాలింత సన్ని' అన్నది దీన్నే. ఇది ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అత్యవసర స్థితి. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు. వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఇంత తేడా ఉన్న మూడు పరిస్థితులకూ చాలా ఇళ్లలో ఒకటే మాట... 'పచ్చి బాలింత, ఏదో గాలి సోకుంటుంది'.

తర్వాత ఇంట్లో పెద్దావిడ. పొయ్యి మీద పాలు మరిచిపోయింది, మనవడి పేరు తప్పు పిలిచింది. 'వయసైపోయింది కదా' అని వదిలేస్తారు. కానీ మతిమరుపు ఎంత వేగంగా వచ్చిందనేది చాలా ముఖ్యం. ఏళ్ల మీద మెల్లగా పెరిగితే అది డిమెన్షియా కావచ్చు. నిన్న బాగా ఉన్న మనిషి ఇవాళ ఎక్కడున్నదీ తెలియకుండా మాట్లాడుతుంటే అది వయసు పని కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, సోడియం తగ్గి ఉండవచ్చు, షుగరు పడిపోయి ఉండవచ్చు, కొత్తగా వాడుతున్న మాత్ర కావచ్చు. పెరట్లో కాలుజారి తలకు తగిలిన చిన్న దెబ్బ వల్ల వారాల తర్వాత మెదడు పైపొరల మధ్య నెత్తురు చేరి ఉండవచ్చు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా జ్ఞాపకం మసకబారుతుంది. వీటిలో ప్రతిదానికీ వైద్యం ఉంది. 'వయసైపోయింది' అనుకుంటే ఆ దారులన్నీ మూసేసినట్టే.

ఇక వలస. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో పనికి వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. తల్లికి కొడుకు ముఖం కనిపించేది పండక్కే. మిగతా రోజుల్లో ఫోనే దిక్కు. అక్కడా మార్పు తెలుస్తుంది. రోజూ చేసేవాడు వారానికోసారి చేయడం, 'తిన్నావా?' అంటే మౌనం, తోటివాళ్లంతా తన గురించే మాట్లాడుకుంటున్నారనడం, అర్ధరాత్రి పూట ఉత్సాహంగా లేనిపోని వ్యాపారాల గురించి చెప్పడం. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బులు ఎక్కువగా మొలకెత్తేది కౌమారం చివర నుంచి 30 ఏళ్ల లోపే. అంటే సరిగ్గా వలస వెళ్లే వయసులోనే. ఎంత తొందరగా వైద్యం మొదలైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. ఫోనులో గొంతు మారిందనిపిస్తే పండగ దాకా ఆగకుండా, ఇంట్లో ఒకరు బయల్దేరి వెళ్లి చూడటం మంచిది.

నింద బదులు తేదీ

మరి ఇంటివాళ్లు చేయాల్సిందేమిటి? జబ్బుకు పేరు పెట్టడం వాళ్ల పని కాదు. వాళ్లు చేయగలిగినదీ, ఇంకెవరూ చేయలేనిదీ ఒకటుంది. మార్పును గమనించి, దానికి తేదీ వేయడం.

డాక్టరు ముందు కూర్చునేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో 'పిచ్చిపిచ్చిగా చేస్తున్నాడండీ' అంటే ఆయనకు తెలిసేది సున్నా. అదే పిల్లల పాత నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకుని వెళ్తే? 'దీపావళి తర్వాత నుంచి రాత్రి రెండు గంటలకు మించి నిద్ర లేదు. నెల రోజులుగా అన్నం సగమే తింటున్నాడు. పది రోజుల నుంచి ఎవరో పిలుస్తున్నారంటున్నాడు. సంక్రాంతికి ముందు బండి మీంచి పడ్డాడు. షుగరుకు ఫలానా మాత్ర వాడుతున్నాడు.' ఇంత చెబితే వైద్యుడికి సగం దారి కనిపించినట్టే.

గమనించాల్సినవి కూడా పెద్ద శాస్త్రమేం కాదు. నిద్ర, తిండి, పని, శుభ్రత, మాట, డబ్బు, నలుగురిలో కలవడం... ఈ ఏడింటిలో రెండు మూడు కలిసి మారి, ఆ మార్పు రెండు వారాలకు మించి నిలిస్తే అది ఆసుపత్రికి చెప్పాల్సిన సంగతి. లేని గొంతులు వినిపించడం, చచ్చిపోవాలన్న మాట, ఉన్నట్టుండి అయోమయం, ఫిట్సు లాంటివైతే రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగకూడదు.

అమ్మవారికి మొక్కుకోవడం, తాయెత్తు కట్టించడం ఇక్కడ అనాదిగా ఉన్నవే. పైడితల్లమ్మకు దండం పెట్టుకుంటే మనసుకు ధైర్యం వస్తుందంటే కాదనేవాళ్లు ఎవరు? దండం పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లడంలో తప్పు లేదు. ఆసుపత్రి మానేసి మనిషిని గొలుసు వేసి కట్టడం, కొట్టించడం, పస్తులు పెట్టడం తప్పు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉండటంతో పారిపోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. వాళ్లను అక్కడ దించింది శత్రువులు కాదు. నయమవుతుందన్న ఆశతో తీసుకొచ్చిన సొంత ఇంటివాళ్లే.

మందు ఒక పూట... మాట మూడు పూటలా

వైద్యం మొదలయ్యాక ఇంటి పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అప్పుడే మొదలవుతుంది.

1950ల చివర్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఒక విచిత్రం గమనించాడు. ఆసుపత్రిలో బాగయి ఇంటికి వెళ్లిన స్కిజోఫ్రీనియా రోగుల్లో కొందరికి జబ్బు మళ్లీ తిరగబెడుతోంది. ఎవరికి? ఆయనా, ఆయన సహచరులూ ఏళ్ల తరబడి ఇళ్లలోని మాటలను విని లెక్కగట్టారు. ఎప్పుడూ తప్పులెంచే ఇల్లు, ఈసడించే ఇల్లు, క్షణం కూడా వదలకుండా అతిగా కలగజేసుకునే ఇల్లు... ఇలాంటి చోటికి తిరిగి వెళ్లినవాళ్లకు జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందని తేలింది. మాట తీరును కొలిచి జబ్బు దారిని అంచనా వేయగలగడం అప్పటికి కొత్త విషయం.

ఇదే పద్ధతిలో చండీగఢ్‌లో మన వైద్యులు చేసిన పరిశోధన 1987లో వెలువడింది. లండన్ ఇళ్ల కంటే ఇక్కడి ఇళ్లలో తప్పులెంచే మాటలు తక్కువగా ఉన్నాయి. పల్లె ఇళ్లలో మరీ తక్కువ. మన ఉమ్మడి బతుకులో ఒకరు విసుగెత్తితే ఇంకొకరు అన్నం పెడతారు. ఒకరి కోపాన్ని ఇంకొకరి మాట చల్లారుస్తుంది. మన పల్లెల్లో కూడా ఇళ్లు ఇప్పుడు చిన్నవయ్యాయి. కొడుకులు వలస వెళ్తే జబ్బు మనిషికి మిగిలేది ఒక్క భార్యో, ఒక్క తల్లో. మూడు పూటలా ఆ ఒక్కరే చూడాలి. విసుగు రాకుండా ఎలా ఉంటుంది?

ఇంకా వెనక్కి వెళ్తే అమృతసర్ మానసిక వైద్యశాల కనిపిస్తుంది. 1950ల్లో అక్కడ రోగులు కిక్కిరిసి ఉండేవారు. డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు ఇంటివాళ్లనూ అక్కడే ఉండమన్నారు. వంట వాళ్లదే, కాపలా వాళ్లదే. పక్క గుడారంలో రోగి కోలుకోవడం కళ్లారా చూశారు. జబ్బు ఏమిటో, మందు ఎలా పనిచేస్తుందో నేర్చుకున్నారు. రోగులు తొందరగా ఇళ్లకు వెళ్లారు. ఇంటివాళ్లు వైద్యంలో భాగమైతే ఎంత మేలో దేశానికి చూపించిన ప్రయోగం అది. వెల్లూరు సీఎంసీలోనూ, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ కుటుంబంతో కలిసి ఉండే వార్డులు వచ్చాయి.

కాబట్టి ఇంట్లో మార్చుకోవాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. 'నీకేం తక్కువైంది?' అన్న మాటకు జవాబు ఉండదు, సిగ్గు మాత్రం మిగులుతుంది. 'మనసు గట్టి చేసుకో' అంటే కాలు విరిగినవాణ్ని పరుగెత్తమన్నట్టే. వాటి బదులు 'రాత్రి నిద్ర పట్టిందా?' అని అడగొచ్చు. 'రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను' అనొచ్చు. లేని గొంతు వినిపిస్తోందంటే 'అబద్ధం' అని వాదించనక్కర్లేదు, 'నిజమే' అని తలూపనక్కర్లేదు. 'నాకైతే వినపడటం లేదు. నీకు భయంగా ఉందని తెలుస్తోంది' అంటే చాలు. మతిమరుపు ఉన్న పెద్దావిడ ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే 'ఇందాకే చెప్పాను కదా' అనడం వల్ల ఆవిడకు గుర్తుండేది జవాబు కాదు, కసురు.

మందుల సంగతీ తెలిసి ఉండాలి. కుంగుబాటు మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడు రోజులు వేసి 'గుణం లేదు' అని మానేస్తే లాభం లేదు. బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలి, డాక్టరు చెప్పినప్పుడే మెల్లగా తగ్గించాలి. ఎక్కువ ఇళ్లలో జబ్బు తిరగబెట్టేది 'ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, మందెందుకు?' అన్న మాటతోనే.

ఎక్కడికి వెళ్లాలి?

ఉత్తరాంధ్రలో మానసిక వైద్యానికి పాత చిరునామా ఉంది. వాల్తేరులో 1871లోనే బ్రిటిష్ ప్రభుత్వం మానసిక రోగుల ఆశ్రమం తెరిచింది. ఇవాళ్టి విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల మూలం అదే. కానీ ప్రతిదానికీ అక్కడికే పరుగెత్తక్కర్లేదు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. ఊళ్లోంచి కదలలేనివాళ్లకు ఫోనుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నెంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. రోగే చేయాలని లేదు, ఏం చేయాలో తెలియని ఇంటివాళ్లు కూడా చేయవచ్చు.

నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపి 2016లో వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. అంటే ఈ బాధ ఏ ఒక్క ఇంటిదో కాదు. దాచిపెట్టడం వల్ల ప్రతి ఇల్లూ తనొక్కటే అనుకుంటోంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కొన్ని హక్కులు రాసి ఇచ్చింది. ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడం నిషేధం. ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు.

ఆత్మహత్య గురించి ఇంట్లో మాట్లాడటానికి భయపడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని అనుమానం. అలా జరగదు. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నెమ్మదిగా అడిగితే చాలామందికి గుండెబరువు దిగుతుంది. 2022లో దేశంలో 1.70 లక్షల మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పల్లెటూళ్లలో పురుగుమందు చేతికి అందేంత దూరంలో ఉండటమే పెద్ద ప్రమాదం. ఆ తలపు వచ్చిన గంట గడిస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి. డబ్బాను ఇంట్లో ఉంచకుండా తాళం వేసిన చోట పెట్టడం, తాళం వేరొకరి దగ్గర ఉండటం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఆ గంటను గడిపించేది అదే. మందు తాగేశారని తెలిస్తే ఉప్పునీళ్లు పట్టకుండా, వాంతి చేయించకుండా, డబ్బాతో సహా 108లో ఆసుపత్రికి చేర్చాలి.

జబ్బు రాకముందు

మెదడును కాపాడుకోవడానికి ఖరీదైన టానిక్కులు అక్కర్లేదు. 2024లో లాన్సెట్ పత్రిక కమిషన్ తేల్చిన లెక్క ప్రకారం, మార్చుకోదగ్గ 14 కారణాలను అదుపులో పెట్టగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడమో, ఆలస్యం చేయడమో సాధ్యం. ఆ జాబితాలో ఉన్నవేమిటి? బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ, మద్యం, ఒళ్లు కదలకపోవడం, ఊబకాయం, తలకు దెబ్బ, చెవుడు, చూపు తగ్గడం, కుంగుబాటు, ఒంటరితనం, గాలి కాలుష్యం, చిన్నప్పుడు చదువు లేకపోవడం. గరివిడిలోని ఏ ఇల్లయినా వీటిలో చాలావాటిని చేతిలో పెట్టుకోగలదు. బీపీ మాత్ర మానకుండా వేసుకోవడం. బండెక్కితే హెల్మెట్ పెట్టుకోవడం. తాతకు వినపడకపోతే ఎగతాళి చేయకుండా చెవి మిషను పెట్టించడం. శుక్లాల ఆపరేషన్ వాయిదా వేయకపోవడం. సాయంత్రం అరుగు మీద నలుగురితో కూర్చోనివ్వడం. ఆడపిల్ల చదువు మాన్పించకపోవడం.

చివరగా ఒక మాట, చూసుకునేవాళ్ల గురించి. జబ్బు మనిషిని చూసుకునే భార్యకో, తల్లికో, కోడలికో కూడా మెదడే ఉంది. వాళ్లకూ నిద్ర కావాలి. వారానికి ఒక పూట ఆ బాధ్యత ఇంకొకరు తీసుకోవాలి. దూరాన ఉన్న కొడుకు డబ్బు పంపడంతో సరిపెట్టకుండా, నెలకోసారి ఆసుపత్రికి తోడు వెళ్లేవాళ్లనైనా ఏర్పాటు చేయాలి. పక్కింటివాళ్లు 'మీవాడికి ఎలా ఉంది?' అని, జ్వరం గురించి అడిగినంత మామూలుగా అడగాలి.

మార్పును ముందు చూసేది ఇల్లే. దాన్ని ఆ ఇల్లు తప్పు అనుకుంటే దాచేస్తుంది. జబ్బు అనుకుంటే నోటుపుస్తకంలో తేదీ వేసుకుని, మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కుతుంది.